చెర్రీ టమాటా పూత రాలుతోందా? మన వైపు అసలు ఎప్పుడు నాటాలి

కావలి నుంచి ఒక తల్లి అడిగిన సంగతి ఇది. ఫిబ్రవరి మొదటి వారంలో నర్సరీ నుంచి ఆరు చెర్రీ టమాటా మొక్కలు తెచ్చి మిద్దె మీద గ్రో బ్యాగుల్లో పెట్టారట. ఇప్పుడు ఏప్రిల్. మొక్కలు మనిషెత్తు పెరిగాయి, గుత్తులు గుత్తులుగా పూశాయి, కానీ పూత పూతంతా రాలిపోతోంది. అక్కడక్కడా నిలిచిన కాయలు నారింజ రంగు దగ్గరే ఆగిపోయాయి. పిల్లలిద్దరూ రోజూ పొద్దున్నే పైకెక్కి చూసి, ఏమీ లేదని దిగి వస్తున్నారు. మందు ఏదైనా కొట్టాలా, మొక్కలు పీకేయాలా, అసలిది మన ఎండలకు పనికొచ్చే పంటేనా అని అడిగారు.

అమ్మా, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. పనికొస్తుంది, నిక్షేపంలా కాస్తుంది. మాది కందుకూరు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మమ్మల్ని ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు కానీ ఎండా వానా మాత్రం అవే. పదహారేళ్ళుగా మిద్దె మీద చెర్రీ టమాటా పెంచుతున్నాను. మొదటి మూడేళ్ళు నేనూ ఫిబ్రవరిలోనే నాటాను, విత్తనాల ప్యాకెట్టు వెనక అలా రాసి ఉందని. మూడేళ్ళూ మీకు జరిగిందే నాకూ జరిగింది. మీ మొక్కల్లో రోగం లేదు. నెల తప్పింది, అంతే.

టమాటాలో మగ, ఆడ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. పసుపు రేకుల మధ్య మొనదేలి కనిపించే గొట్టం లోపల పుప్పొడి ఉంటుంది. పువ్వు కాస్త అదిరితే చాలు, ఆ పొడి రాలి కాయ కడుతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటేసరికి ఈ పుప్పొడి చచ్చుబడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు రాత్రులతో వస్తుంది. రాత్రి పూట 24 డిగ్రీలకు తగ్గకపోతే కాయ పట్టడం బాగా పడిపోతుంది. మనకు ఏప్రిల్ వచ్చిందంటే తెల్లవారుజామున కూడా ఉక్క తగ్గదు. మేలో మిద్దె మీద మంచాలు వేసుకున్నా చెమట ఆరదు. మనకు నిద్ర పట్టని రాత్రుల్లో దానికీ కాయ పట్టదని గుర్తుంచుకుంటే వేరే లెక్క అక్కర్లేదు. అదే డిసెంబరు, జనవరి నెలల్లో మన వైపు రాత్రులు 20 డిగ్రీల చుట్టూ ఉంటాయి, పగలు 30 దగ్గర ఉంటుంది. టమాటా అడిగేది అచ్చంగా అదే.

రేపు పొద్దున పైకి వెళ్ళినప్పుడు ఒక పువ్వు కాడను కళ్ళకు దగ్గరగా పట్టి చూడండి. కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది, వంచిన మోకాలులా. రాలబోయే పువ్వుకు ఆ కణుపు నుంచి పువ్వు దాకా కాడ పసుపు తిరుగుతుంది. కణుపుకు ఇవతల, గుత్తి వైపు, ఆకుపచ్చగానే ఉంటుంది. వేలితో తాకగానే సరిగ్గా ఆ కణుపు దగ్గరే పుటుక్కున ఊడి వస్తుంది. నిలిచే పువ్వుకు కాడ మొత్తం పచ్చగా ఉంటుంది. రేకులు ఎండి వెనక్కి ముడుచుకున్నాక వాటి మధ్యలో ఆవగింజంత పచ్చటి బొడిపె కనిపిస్తుంది. పిల్లలకు ఈ తేడా ఒక్కసారి చూపించండి. మా మనవరాలు ఐదేళ్ళప్పుడే "అమ్మమ్మా, ఇది నిలుస్తుంది, ఇది నిలవదు" అని గుత్తి గుత్తికీ లెక్క చెప్పేది.

కాయ ఎర్రబడకపోవడం కూడా వేడి వల్లే. ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటాక సరిగా తయారవదు. పసుపునిచ్చే పదార్థం మాత్రం తయారవుతూనే ఉంటుంది. అందుకే వేసవి కాయ నారింజలో ఆగిపోతుంది. ఇంకా పండలేదేమో అని ఎదురుచూస్తే తోలు పగిలి చీమలు పడతాయి. నొక్కితే మెత్తగా ఉందంటే కోసేయండి. లేదా రంగు తిరగడం మొదలవగానే కోసి, వంటింట్లో ఎండ తగలని చల్లటి మూల బుట్టలో పెట్టండి, ఇంకాస్త ఎరుపెక్కుతుంది.

ఇప్పుడు ఆ ఆరు మొక్కల సంగతి. ఏప్రిల్ చివరి దాకా కాపాడండి, ఉన్న కాయలు దక్కుతాయి. పదకొండు నుంచి నాలుగింటి దాకా ఎండను సగానికి తగ్గించే పచ్చ వల కట్టండి. గ్రో బ్యాగు పక్కలు కాలిపోతుంటే లోపల వేళ్ళు ఉడికిపోతాయి. బ్యాగు చుట్టూ గోతం చుట్టి తడుపుతుండండి. మట్టి మీద మూడంగుళాల మందాన వరిగడ్డి పరవండి. నీళ్ళు పొద్దున్నే, అడుగు బెజ్జాల్లోంచి కారేదాకా పోయండి. సాయంత్రం వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా ఉంటేనే మళ్ళీ పోయండి. ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తితే పండిన కాయలన్నీ చిట్లుతాయి. ఎరువు ఇప్పుడేమీ వేయొద్దు. పూత రాలుతుంటే బలం చాలలేదనుకుని యూరియా వేసేవాళ్ళను చాలామందిని చూశాను. ఆకు దట్టమవుతుంది కానీ పూత నిలవదు.

మందు గురించి అడిగారు. పూత నిలబెడుతుందని దుకాణాల్లో ఇచ్చే హార్మోను ద్రావణం మోతాదు కాస్త ఎక్కువైనా ఆకులు మెలి తిరుగుతాయి, పూత ఇంకా రాలుతుంది. పిల్లలు మొక్క దగ్గర నిలబడి కోసుకుని అక్కడే నోట్లో వేసుకునే కాయ ఇది. దానికి వద్దని గట్టిగా చెబుతాను.

ఏప్రిల్ దాటాక పీకేయండి. బాధగానే ఉంటుంది, కానీ ఆరు నెలలు ఎండలో నిలబెడితే అవి ఆకుల రసం పీల్చే తెల్లదోమకు ఇల్లవుతాయి. వంగకూ మిరపకూ కూడా అక్కడి నుంచే పాకుతుంది. మట్టి మాత్రం పారేయొద్దు. మే ఎండ మనకు ఊరికే దొరికే మందు. బ్యాగుల్లో మట్టి మిద్దె మీద ఒక పట్టా పైన అయిదంగుళాల మందాన పోసి, బాగా తడిపి, పైన రంగు లేని పాలిథీన్ కప్పి, అంచులు ఇటుకలతో బిగించండి. నల్ల పాలిథీన్ వద్దు, ఎండ లోపలికి దిగాలి. నాలుగైదు వారాలు అలా ఉంచితే వేళ్ళకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు, ఎండుతెగులు శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. జూన్‌లో ఆ మట్టికి మాగిన మేకల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి గోతాల్లో ఎత్తి పెట్టుకోండి.

ఒక మాట మీరు అడగలేదు కానీ చెప్పాలి. మీరుండేది సముద్రానికి దగ్గర, మీ బోరు నీళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉంటే అది బయటికి వదిలే నీళ్ళు మొక్కలకు పోస్తున్నారేమో కూడా గమనించండి. నేను రెండేళ్ళు అదే చేశాను, నీళ్ళు వృథా కాకూడదని. మంచినీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా ఆ వదిలేసే నీళ్ళలోనే చేరుతుంది. ముదురు ఆకుల అంచులు కాల్చినట్టు గోధుమరంగుకు వచ్చాయి, బ్యాగు మూతి చుట్టూ తెల్లటి పొర కట్టింది, గోటితో గీరితే ఉప్పులా రాలింది. ఆ నీళ్ళు ఇల్లు తుడవడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పుండదు, అవి బకెట్లో పట్టి పోయండి. వానాకాలంలో తొట్టి నిండా వాన నీళ్ళు పట్టుకోండి. నీళ్ళు మరీ కొద్దిగా ఉప్పగా ఉంటే మాత్రం కంగారు పడొద్దు. కాయ చిన్నదవుతుంది, తీపి పెరుగుతుంది.

ఇక నాటే కాలం. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా పడతాయి. తుపాన్లూ అప్పుడే. దేశమంతటికీ కలిపి ఒకటే అచ్చేసిన ప్యాకెట్టు వెనక రాత ఈ సంగతి చెప్పదు. నేను రెండు విడతలుగా వేస్తాను. ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబరు రెండో సగంలో, నాలుగు మొక్కలకు సరిపడా గింజలు వేస్తాను. అది జూదమే, వాన కనికరిస్తే సంక్రాంతికి కాయలుంటాయి. అసలు పంట స్వాతి కార్తెలో, అక్టోబరు చివర్లో నారు పోసేది. వానలు జోరుగా ఉన్న నెలంతా నారు ట్రేలో చూరు కింద ఉంటుంది. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో, ముసురు తెరిపి ఇచ్చినప్పుడు బ్యాగుల్లోకి మారుస్తాను. జనవరి చలిలో పూత పడుతుంది, ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి చివరి దాకా కోతే కోత. సరిగ్గా మీరు నారు నాటిన రోజుల్లో మేము తింటుంటాం.

వాన దెబ్బ ఎలా ఉంటుందో రెండుసార్లు చూశాను. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా వైపూ వదలకుండా కురిసింది. అప్పుడు నా బ్యాగుల అడుగు బెజ్జాలు మిద్దెకు అతుక్కుని మూసుకుపోయాయి, నేను చూసుకోలేదు. మూడో రోజుకు మొక్కలన్నీ వేలాడిపోయాయి. పీకి చూస్తే వేళ్ళు గోధుమరంగు గుజ్జు. ఆ ఏడు నుంచి ప్రతి బ్యాగు కిందా రెండు ఇటుకలు పెడుతున్నాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి రెండు రోజుల ముందే రాత్రి ఇంటిల్లిపాదీ మెట్ల మీద వరసగా నిలబడి పద్దెనిమిది బ్యాగులు కిందికి దించాం. అబ్బాయి పైన, కోడలు మలుపు దగ్గర, మా ఆయన వరండాలో. మనవరాలికి బరువు ఇవ్వలేదని అలిగితే మొక్కల పేర్లు రాసిన పుల్లలు దాని చేతిలో పెట్టాం. ఒక్క మొక్క పోలేదు. అందుకే చెబుతున్నాను, 12 అంగుళాల బ్యాగు కంటే పెద్దది కొనకండి. తడి మట్టితో దించగలిగేది ఆ కొలతే.

రకం విషయంలో పెద్దగా వెతకొద్దు. పొద రకమా, తీగలా సాగే రకమా అన్నది ఒక్కటే అడగండి. సముద్రపు గాలి కొట్టే మిద్దెకు పొద రకం సులువు. తీగ రకం ఎక్కువ కాలం కాస్తుంది కానీ ఊతం గట్టిగా ఉండాలి. పూసా చెర్రీ టమాటా-1 లాంటి, ప్లాస్టిక్ కప్పు కింద పెంచే పాలీహౌస్ రకాలు మనకు వద్దు. ఊతానికి మనకు కొదవేముంది, రామాయపట్నం వైపు తీరం వెంట సరుగుడు తోటలున్నాయి. కొట్టినప్పుడు మిగిలే సన్న కర్రలు తెచ్చుకోండి. పాత చీర అంచు చించి ఎనిమిది అంకెలా మెలివేసి కట్టండి, కాండం కోసుకుపోదు. పక్క పిలకలన్నీ గిల్లేయమని వీడియోల్లో చెబుతుంటారు. అది చల్లటి దేశాల పద్ధతి. మన ఎండకు ఆకు నీడ లేకపోతే కాయ భుజం మీద తెల్లగా కాలిన మచ్చ పడుతుంది. మూడు నాలుగు కొమ్మలు ఉంచి, నేలకు తగిలే ఆకులు మాత్రం తీసేయండి.

పొగాకు గురించి చెప్పకుండా ముగించలేను. కందుకూరు, కొండపి, ఒంగోలు వైపు పొగాకు లేని ఇల్లు తక్కువ. పొగాకూ టమాటా ఒకే కుటుంబం. పొగాకుకు వచ్చే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో, చుట్టలో, బీడీలో కూడా బతికే ఉంటుంది, చేతుల మీదుగా టమాటాకు అంటుకుంటుంది. ఒక ఏడాది మా ఆయన పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు కట్టలు సర్ది ఇంటికొచ్చి, పాపం సాయం చేద్దామని, చేతులు కడగకుండానే మొక్కలన్నీ కర్రలకు కట్టారు. రెండు వారాలకు ఆకుల మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు కలగలిసి, ఆకులు సన్నగా దారాల్లా సాగాయి. తొమ్మిది మొక్కలు పీకి తగలబెట్టాం. దీనికి మందు లేదు. అప్పటి నుంచి మెట్ల దగ్గర సబ్బు పెట్టాను, ఎవరైనా చేతులు కడుక్కునే పైకెక్కాలి. పొగాకు చేల మట్టి కూడా తేవద్దు, అందులో పొగాకు మల్లె అనే కలుపు గింజలుంటాయి. అది టమాటా వేళ్ళనూ పట్టి పీల్చేస్తుంది.

ఆకుముడత సంగతి వేరు. చివరి ఆకులు దోసిలిలా పైకి ముడుచుకుని చిన్నవై గుబురుగా తయారైతే అది తెల్లదోమ తెచ్చిన వైరస్. ఆ మొక్కను వెంటనే తీసేయాలి. మిగతావాటి మధ్య పసుపురంగు జిగురు అట్టలు వేలాడదీసి, వారానికోసారి లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి ఆకు అడుగున తడిసేలా సాయంత్రం పూట కొట్టండి. మొక్కకు పట్టిన వైరస్ దీంతో పోదు, దోమ తగ్గుతుంది.

పూత పడ్డాక పిల్లలకు పెద్ద పని ఉంది. తేనెటీగ టమాటా పువ్వును కదిలించలేదు. పువ్వును పట్టుకుని ఒళ్ళు జుమ్మని అదిరించే నల్ల తుమ్మెద వస్తే ఆ పని చేస్తుంది. మిద్దె మీదికి అది రోజూ రాదు. పొద్దున తొమ్మిది, పదింటి మధ్య, మంచు ఆరాక, గుత్తి కాడను వేలి గోటితో మెల్లగా మూడుసార్లు మీటమనండి. కింద నల్ల పలక పట్టుకుంటే పసుపుపచ్చని పొడి రాలడం కంటికి కనిపిస్తుంది. ఆ పొడి చూసిన పిల్లలు మర్నాడు మీరు పిలవకుండానే పైకెక్కుతారు. కిందికి దిగాక చేతులు కడిగించండి. టమాటా ఆకు నూగు వేళ్ళకంటి, సబ్బు నురగ పసుపుపచ్చగా దిగుతుంది. ఆకులు నోట్లో పెట్టకూడదని మాత్రం ముందే చెప్పండి.

కోత మధ్యాహ్నం కాకుండా పొద్దున పెట్టుకోండి. గుత్తిలో మొదలు దగ్గరి కాయ ముందు పండుతుంది, కొసది చివర పండుతుంది. అందుకే గుత్తి మొత్తం ఒకేసారి కోయకండి. ఇందాక చెప్పిన ఆ కణుపు దగ్గరే బొటనవేలితో నొక్కితే ముచికతో సహా వస్తుంది. ముచిక ఉంటే రెండు మూడు రోజులు నిలవ ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి వాసన చచ్చి చప్పబడుతుంది. మీ చిన్నవాళ్ళెవరికైనా ఐదేళ్ళు నిండకపోతే కాయ గుండ్రంగా అలాగే ఇవ్వకండి. గొంతుకు అడ్డంపడే కొలత అది. నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. ఈ ఒక్క విషయంలో పక్కింటి పిల్లలొచ్చినా సరే నేను కత్తి వదలను.

వంటకు వీటిని పెద్దగా లెక్కపెట్టుకోకండి. మా మిద్దె మీద బాగా కాసిన మొక్క సీజను మొత్తం మీద ఒకటిన్నర, రెండు కిలోలిస్తుంది. అందులో సగం మెట్లు దిగదు. చేపల పులుసులో వేస్తే చింతపండు, మామిడికాయ మధ్య వీటి తీపి కలిసిపోయి తేలనే తేలదు. మా ఇంట్లో వాటి చోటు కారం దోశ. పెనం మీద దోశ తీశాక మిగిలిన నూనెలో సగానికి కోసిన కాయలు కోసిన వైపు కిందికి బోర్లించి, కదపకుండా ఒక నిమిషం ఉంచితే అంచులు నల్లబడి రసం చిక్కబడుతుంది. రాళ్ళ ఉప్పు రెండు పలుకులు, నలిపిన వెల్లుల్లి రెబ్బ చాలు. ఎర్రకారం మంట మీద ఆ తీపి పడితే మా అబ్బాయి మూడో దోశ అడుగుతాడు. పెరుగన్నంలోకి పచ్చివే నంజుకోవచ్చు.

2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో వంద దాటినప్పుడు, ఇంట్లో పెంచుకుంటే డబ్బు మిగులుతుందని చాలామంది కుండీలు కొన్నారు. జులైలో మన మిద్దెల మీద కాయ పట్టదు కదమ్మా. చెర్రీ టమాటాను పిల్లల కోసం పెంచండి, ఖర్చు తగ్గుతుందని కాదు.

విత్తనానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఇప్పుడు మీ మొక్కల మీద నిలిచిన ఆ నాలుగైదు కాయల్లో బాగా రుచిగా ఉన్నది ఒకటి ఉంచండి. హైబ్రిడ్ అయితే పిల్ల మొక్కలు అచ్చు తల్లిలా రావు, ఒకటి తీపిగా, ఒకటి పుల్లగా రావచ్చు. మా మనవరాలికి ఆ తేడాలు కనిపెట్టడమే ఇష్టం. గుజ్జు గ్లాసులో పిండి, రెండు రోజులు పులియనిచ్చి, గింజ చుట్టూ ఉన్న జిగురు ఊడాక కడిగి నీడలో ఆరబెట్టండి. కాగితం పొట్లం కట్టి, పైన రకం, తేదీ పిల్లల చేతే రాయించి బియ్యం డబ్బా పక్కన పెట్టండి. దీపావళి ముందు వెనకల్లో, అక్టోబరు చివరి వారంలో, ఆ పొట్లం తీసి ట్రేలో ఒక్కో గుంతకు రెండేసి గింజలు, పావంగుళం లోతున వేయించండి. వారంలోపు మొలకలు తలెత్తుతాయి. నారుకు నాలుగైదు ఆకులు వచ్చాక ఒకసారి రాయండి, అప్పటి వాన చూసి బ్యాగుల్లోకి ఎప్పుడు మార్చాలో చెబుతాను.